మిక్కిలి సంతోషముతో

తాడేపల్లిగూడెంలో అబ్బాయిరాజు గారి మొహం తెలిసినవాళ్ళు ఆయన ఉండే వీధి దాటితే కనపడరు. గొంతు తెలియనివాళ్ళు మాత్రం ఇటు ఏలూరు నుంచి అటు కొల్లేరు లంకల దాకా వెతికినా దొరకరు. ఆ గొంతు వినపడగానే ఆడవాళ్ళు పొయ్యి మీద గిన్నె దించి గుమ్మంలోకి వస్తారు. మగవాళ్ళు పేపరు మడిచి పక్కన పెడతారు. సైకిలు మీద పోయేవాడు ఒక కాలు నేలకానించి ఆగుతాడు. ఇదంతా అభిమానం అనుకునేరు. ఎవరు పోయారో తెలుసుకుందామని.

మా వైపు మనిషి కాలం చేస్తే ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పి చెప్పించడం మర్యాద. చెప్పించకపోతే పోయినవాళ్ళకి లోటు చేసినట్టే లెక్క. ఆ చెప్పే గొంతు ఇరవై రెండేళ్ళుగా అబ్బాయిరాజు గారిది. ఒకసారి రికార్డు చేసి పంపిస్తే చాలు, ఏ ఊరి ఆటోలోనైనా అదే మోగుతుంది. హిందువులైతే స్వర్గస్థులైనారనీ, క్రైస్తవులైతే ప్రభువునందు నిద్రించినారనీ, ఎవరి మర్యాద వారికి తప్పకుండా చెబుతారు. ఇంటిపేర్లలో ఒక్క ఒత్తు పోనివ్వరు. పేరు చెప్పి ఒక్క క్షణం ఆగుతారు. ఆ తరవాత "తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము" అంటారు. అందులో ఆ 'మిక్కిలి' ఉంది చూశారూ, అది ఆయన నోట వింటే పోయినవాడితో ముఖపరిచయం లేని మనిషికి కూడా గుండె జారిపోవాల్సిందే.

నిజానికి ఆయన ఈ పనికని పుట్టలేదు. వయసులో ఉండగా మార్కెట్ యార్డులో ఉల్లిపాయల లారీల నంబర్లు కేకేసేవారు. మైకు అక్కర్లేకుండానే యార్డు ఈ కొస నుంచి ఆ కొసకు వినపడేది. ఒకరోజు మైకుసెట్టు షాపు పెద్దాయన ఉల్లిపాయలు కొనడానికొచ్చి ఆ కేక విన్నాడు. "ఏవండీ, మా మైకులో ఒక చీరల కొట్టు గురించి చెప్పి పెడతారా?" అని అడిగాడు. "ఆయ్, దానికేముందండీ" అని వెళ్ళిన మనిషి మళ్ళీ యార్డు మొహం చూడలేదు. చీరలు, స్కూలు అడ్మిషన్లు, చేపల మేత, సర్కసు, పశువుల టీకాలు, ఒకటేమిటి, అన్నీ చెప్పారు. మధ్యమధ్యలో చావు కబుర్లూ చెప్పారు. అప్పట్లో ఆయన గొంతు వినపడితే ఏదైనా కావచ్చు, చీరలైనా కావచ్చు, శవమైనా కావచ్చు. జనం కొంచెం ఆగి విని తేల్చుకునేవారు.

పెద్దాయన పోయాక షాపు కొడుకు నిరంజన్ చేతికొచ్చింది. నిరంజన్ మంచివాడే, కాకపోతే కొత్త వస్తువంటే ప్రాణం. కంప్యూటరులో ఏదో పెట్టించాడు. కాగితం మీద రాసింది దానికిస్తే అదే చక్కని ఆడగొంతుతో చదివేస్తుంది. దగ్గదు, మంచినీళ్ళడగదు, గొంతు పట్టేసిందని సెలవు పెట్టదు. చీరల కొట్లు ముందు దాని దగ్గరికి పోయాయి. స్కూళ్ళు పోయాయి. ఆఖరికి చేపల మేత కూడా పోయింది. చావు కబుర్లు కూడా దానికే ఇద్దామని నిరంజన్ ఒకసారి చూశాడు. కాగితం మీద కీర్తిశేషులు అనడానికి పొట్టిగా 'కీ.శే.' అని రాస్తే ఆ మహాతల్లి "కీ... శే..." అని పిల్లలకి గుణింతం చెప్పినట్టు వీధులన్నీ చదువుకుంటూ పోయింది. పోయినాయన కొడుకులు నలుగురూ షాపు మీదికొచ్చారు. ఆ దెబ్బతో నిరంజన్ దణ్ణం పెట్టి, "బాబాయ్ గారూ, శుభమంతా మెషీనుకి, ఇవన్నీ మీకే" అన్నాడు.

నిరంజన్ ఏదో గౌరవం చేసినట్టే అన్నాడు. అబ్బాయిరాజు గారికి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన గొంతంటే చావు, చావంటే ఆయన గొంతు అయిపోయింది. బావమరిది కూతురి పెళ్ళిలో మైకు పుచ్చుకుని "అందరూ భోజనాలకు దయచేయండి" అన్నారో లేదో, పెళ్ళికొడుకు తరఫు ముసలావిడ వచ్చి, "బాబూ, మీరు ఏమీ అనుకోకండి, ఆ మైకు ఇంకొకరికివ్వండి" అంది, చాలా మర్యాదగా. ఈయనా అంతే మర్యాదగా "ఆయ్, అలాగేనండీ" అని ఇచ్చేశారు. ఆ పూట భోజనం చెయ్యలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి అప్పటినుంచీ ఒకటే కోరిక పట్టుకుంది. తన గొంతుతో ఒక్క శుభవార్త, ఒక్కటంటే ఒక్కటి, నలుగురూ నవ్వుతూ వినేది చెప్పాలని.

ఇది పైకి ఎవరితోనూ అనలేదు. అనక్కర్లేదు, గంగాభవాని గారుండగా. భార్య అని చెప్పడం కాదు గానీ, ఆయన దగ్గితే అది జలుబు దగ్గా, బాధ దగ్గా చెప్పగల మనిషి ఆవిడ. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొలతలివ్వడానికొచ్చే ఆడపిల్లల దగ్గర కూర్చుని ఫోనులో వీడియోలు తియ్యడం, పైకెక్కించడం నేర్చుకుంది. ఒకరోజు మిషను ఆపి, "ఏవండీ, మీ గొంతు మనమే వీడియోలు చేసి పెడదాం. చూసినవాళ్ళు పిలుస్తారు. హైదరాబాదులో కార్టూన్లకీ, కథలకీ గొంతులు కావాలంట" అంది.

"నా మొహం ఎవరు చూస్తారే?"

"ఇన్నాళ్ళూ మొహం చూపించకే కదండీ ఇలా అయింది. గొంతు వెనకాల ఒక మనిషున్నాడని తెలియొద్దూ?"

తొలి వీడియోకి ఇల్లంతా తలకిందులైంది. గోడకి పరుపు నిలబెట్టారు. కిటికీలకి బొంతలు కట్టారు. ఫ్యాను ఆపారు. పక్కింటి కుక్కర్ మూడు కూతలయ్యేదాకా కూర్చున్నారు. నాలుగో కూత వస్తుందేమోనని ఇంకాసేపు కూర్చున్నారు. గొంతు గదిలో గింగురుమంటోందని ఆవిడ బీరువా తలుపులు రెండూ తీసి, చీరలకి చేరువగా ఆయన్ని నిలబెట్టింది. ఆయన పాస్‌పోర్టు ఫోటోకి నిలబడినట్టు బిగుసుకుని, చెమటలు కక్కుతూ, వరసగా చెప్పారు. ఒక చీరల కొట్టు, ఒక స్కూలు, ఒక ముసలమ్మ గొంతు, ఒక రాక్షసుడి గొంతు, చివర పిల్లలకి ఎలుగుబంటి కథ. "ప్రకటనలకు, కథలకు, శుభకార్యములకు సంప్రదించండి" అని ఫోన్ నంబరు కూడా చెప్పారు. ఛానల్ పేరు 'అబ్బాయిరాజు గొంతు' అని భవాని గారే పెట్టింది.

మర్నాడు పొద్దున్నకి నలభై మంది చూశారు. వారం తిరిగేసరికి నలభై వేలమంది చూశారు. భవాని గారు పొంగిపోయి కిందనున్న కామెంట్లు చదవడం మొదలుపెట్టింది. రెండోది చదివి మూడోది మింగేసింది.

"చదువు, ఫరవాలేదు" అన్నారాయన.

'ఎవరండీ పోయింది?' అని ఒకరు. 'అంతిమయాత్ర ఎన్ని గంటలకు?' అని ఒకరు. 'మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఎవరా అని ఏడవబోయింది, తీరా చూస్తే చీరలు' అని ఇంకొకరు. అన్నిటికంటే ఎక్కువ లైకులొచ్చింది ఎలుగుబంటి కథ మీద. "అనగనగా ఒక అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది" అన్నారు కదా ఈయన. దాని కింద ఎవరో 'పాపం, చాలా మంచి ఎలుగుబంటి. ఆత్మకు శాంతి కలుగుగాక' అని రాశాడు.

చదివిన ఆవిడకి నవ్వాగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చూసేసరికి ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. అంతకు ముందే వాన పడి ఉంది. ఆవిడ నవ్వు ఠక్కున ఆగిపోయింది. వెళ్ళి చెంబు చేతిలోంచి తీసుకుంది.

"అదంతా తీసెయ్యి భవానీ. నా గొంతు దేనికి పనికొస్తుందో అందరికీ తెలిసిపోయింది. నాకే తెలియలేదు."

"తియ్యను" అంది ఆవిడ. "నలభై వేల మంది చూశారండీ. నవ్వారు. చావు గొంతు విని నవ్వారంటే చిన్న సంగతా? మీరు పేరు చెప్పి ఆగుతున్నారు, అదీ గొడవ. ఆ ఆగడం మానెయ్యండి. ఆ మిక్కిలి కూడా మానెయ్యండి."

ఆగడం మానలేకపోయారు. మిక్కిలి అసలే మానలేకపోయారు. పప్పు మిక్కిలి బాగుందనీ, ఎండ మిక్కిలిగా ఉందనీ ఇంట్లో కూడా దొర్లిపోయేది. అయినా ఇద్దరూ వదలకుండా వారానికి రెండు వీడియోలు చేశారు. కింద కామెంట్లు మాత్రం మారలేదు. పని ఇస్తామని ఒక్క ఫోనూ రాలేదు. నాలుగు నెలలు గడిచాయి. ఆయన ఇక చాలని ఒక ఆదివారం గోడకున్న పరుపు దించి మంచం మీద వేసుకుని పడుకున్నారు. ఆవిడ కిటికీలకున్న బొంతలు విప్పి మడతపెట్టింది.

మంగళవారం ఫోను మోగింది.

"అబ్బాయిరాజు గారేనాండీ? ఎలుగుబంటి అబ్బాయిరాజు గారు?"

ముసలి గొంతు. పళ్ళు లేని నోటి మాట. ఈయన ప్రాణం ఉసూరుమంది. "ఎవరు పోయారమ్మా?" అని అలవాటుగా అడిగేశారు.

"నేనే బాబూ" అంది ఆవిడ.

ఆవిడ పేరు వెంకటనరసమ్మ. కలిదిండి దగ్గర, చుట్టూ చేపల చెరువులున్న ఊరు. ఎనభై నాలుగేళ్ళు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరితే ఏలూరు ఆసుపత్రిలో పదకొండు రోజులుంచారట. ఈలోగా ఎవరో బుద్ధిమంతుడు ఆవిడ ఫోటోకి దీపం బొమ్మ తగిలించి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. నిక్షేపంలా ఇంటికొచ్చింది. వస్తే ఏం లాభం? పాలవాడు ఆవిడ వాటా పాలు మానేశాడు. పక్క ఊరి వియ్యపురాలు ఫోను చేసి, ఈవిడే ఎత్తితే, పలకరించకుండా కెవ్వుమని పెట్టేసింది. రోజుకొకళ్ళు మొహం వేలాడేసుకుని పరామర్శకి రావడం, అరుగు మీద ఈవిణ్ణి చూసి నాలిక్కరుచుకోవడం.

"ఎంతమందికని చెప్పను బాబూ? నేను చెప్తే నమ్మట్లేదు. మా ఊళ్ళో మీ గొంతు చెప్తే తప్ప ఎవరూ పోయినట్టు కాదు. అట్టాగే మీరొచ్చి చెప్తే తప్ప నేను బతికున్నట్టూ కాదు. మా మనవడు మీ ఎలుగుబంటిని చూపించాడు. అందులో నంబరుంది. చేశాను."

"ఆయ్" అన్నారు అబ్బాయిరాజు గారు. మళ్ళీ "ఆయ్, ఆయ్, తప్పకుండా అమ్మగారూ" అన్నారు. ఫోను పెట్టేసి భార్యకేసి తిరిగారు. "భవానీ, ఒక మనిషి బతికే ఉందని చెప్పమంటున్నారే!" అన్నారు. పరుపు మళ్ళీ గోడకెక్కింది.

రాత్రీ పగలూ కూర్చుని రాశారు ఆ నాలుగు ముక్కలూ. వెంకటనరసమ్మ గారి మనవడు దుర్గేష్ వివరాలు పంపాడు. అన్నీ పద్ధతిగా పొందుపరిచి రికార్డు చేశారు. భవాని గారు ఒకటికి రెండుసార్లు విని, "ఇంకాస్త నవ్వుతూ చెప్పొచ్చేమోనండీ" అంది. "ప్రకటనకి ఒక పద్ధతుంటుంది కదే" అన్నారాయన. అక్కడే వచ్చాయి తిప్పలన్నీ.

గురువారం పొద్దున్నే ఇద్దరూ ఆకివీడులో బస్సు దిగారు. ఆయన ఇస్త్రీ చొక్కా, ఆవిడ పట్టంచు చీర. శుభకార్యానికి కదా వెళ్తున్నారు. దుర్గేష్ మైకు కట్టిన ఆటో మాట్లాడి ఉంచాడు. ముందు ఊరంతా ఒక చుట్టు తిప్పి, అప్పుడు ఇంటికి వెళ్దామనుకున్నారు. చెరువు గట్ల మీద ఆటో బయలుదేరింది. ఒకపక్క చెరువుల్లో చేపలకి గాలి ఆడించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ హోరెత్తుతున్నాయి. ఇంకోపక్క గాలి. మైకులోంచి ఆయన గొంతు లేచింది.

"మిక్కిలి సంతోషముతో తెలియజేయునది ఏమనగా... కీర్తిశేషులు గంగాధరరావు గారి ధర్మపత్ని... శ్రీమతి వెంకటనరసమ్మ గారు..."

అక్కడ ఆగారు. ఆగాల్సిన చోటే ఆగారు, ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆటో మలుపు తిరిగింది. "ఏలూరు ఆసుపత్రి నుండి సంపూర్ణ ఆరోగ్యముతో స్వగృహమునకు చేరినారు. వదంతులు నమ్మవలదని మనవి" అన్న ముక్క కాస్తా చేపలకీ కొంగలకీ వినపడింది. ఊరికి వినపడింది మొదటి ముక్క. అసలు అంత కూడా అక్కర్లేదు. 'మిక్కిలి' దగ్గరే ఆడవాళ్ళు పొయ్యి కట్టేశారు. 'కీర్తిశేషులు' దగ్గర మగవాళ్ళు కండువా తీసి భుజాన వేసుకున్నారు. పేరు వినపడేసరికి, వారం నుంచీ పోయిందా ఉందా అని కొట్టుకుంటున్న ఊరి అనుమానం పూర్తిగా తీరిపోయింది.

ముందు సీట్లో కూర్చున్న ఆయనకి ఇదేమీ తెలియదు. గట్టు మీద జనం ఆగి చేతులు జోడిస్తుంటే, శుభవార్తకి సంతోషిస్తున్నారనుకుని ఈయన కూడా నవ్వుతూ చేతులు జోడించారు. వెనక కూర్చుని వీడియో తీస్తున్న భవాని గారికే ఏదో తేడా కొట్టింది. "ఏవండీ, వాళ్ళు నవ్వట్లేదండీ" అంది.

ఇంటి ముందుకొచ్చేసరికి తెలిసింది. షామియానా వాడు గుంజలు పాతేశాడు. కుర్చీలు దిగుతున్నాయి. అరవై డెబ్భై మంది పోగయ్యారు, అందులో ముగ్గురి చేతుల్లో బంతిపూల దండలు. వాళ్ళందరి మధ్యా, అరుగు మీద, వెంకటనరసమ్మ గారు పళ్ళెంలో ఇడ్లీ కారప్పొడితో తింటోంది.

"రా బాబూ" అంది ఈయన్ని చూసి. "బాగా చెప్పావు. ఇందాకటిదాకా సగం మందికే అనుమానం."

ఇన్నేళ్ళకొచ్చిన ఒక్క మంచి మాటా నోట్లోంచి బయటికొచ్చేసరికి చావైపోయింది. అబ్బాయిరాజు గారు వంగి ఆవిడ కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి, "తప్పయిపోయిందమ్మగారూ, నా గొంతు అశుభం గొంతు. నేను రాకుండా ఉండాల్సింది" అన్నారు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "లే. ఆ ఆటో ఎక్కించు నన్ను" అంది.

దుర్గేష్ ఒకపక్కా భవాని గారు ఒకపక్కా పట్టుకుని ఎక్కించారు. ఆటోవాడు రికార్డింగు ఆపి, మైకు తీసి అబ్బాయిరాజు గారి చేతికిచ్చాడు. చేతిలో కాగితం లేదు. ఏమనగా అనాలో, మనవి అనాలో తెలియలేదు. భార్యకేసి చూశారు.

"ఇంట్లో నాతో మాట్లాడినట్టు మాట్లాడండి" అందావిడ.

"ఏవండోయ్" అన్నారు. ఆటో మీది మైకు హారన్లలోంచి అంత చనువుగా తన గొంతు విని ఆయనే ఉలిక్కిపడ్డారు. "ఏవండోయ్, నేనండీ, గూడెం అబ్బాయిరాజుని. ఇందాక సరిగ్గా చెప్పలేదండి, తప్పు నాదేనండి. వెంకటనరసమ్మ గారు పోలేదండీ! ఇదుగో, నా పక్కనే కూర్చున్నారండి. ఇడ్లీ కూడా తిన్నారండి. నాలుగు తిన్నారండి, ఆయ్!"

"మూడే" అంటూ ఆవిడ మైకు లాక్కుంది. "ఒరే, ఎవడ్రా నా ఫోటోకి దీపం పెట్టింది? నేనుండగానే నా పాలు మానేసినవాడు రేపట్నుంచి పొయ్యాలి. నాకోసం పొయ్యిలార్పుకున్నవాళ్ళు పోయి వెలిగించుకోండి. పిల్లలు ఆకలితో ఉంటారు."

ముందు ఎవరో చెరువులో వల పట్టుకున్నవాడు పగలబడి నవ్వాడు. తరవాత గట్టంతా నవ్వింది. ఆటో ఎక్కడికి వెళ్తే అక్కడ గుమ్మాల్లోంచి నవ్వులు. ఇరవై రెండేళ్ళలో ఆ గొంతుకి ఎదురుగా వచ్చిన మొదటి నవ్వులవి. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా విచ్చుకుపోయింది. భవాని గారు తీసిన ఆ వీడియో తరవాత ఎంతమంది చూశారో, దాన్ని చూసి పిల్లల కథలు చదవమని ఎక్కడి నుంచి పిలుపొచ్చిందో, అదంతా గూడెంలో ఎవరినడిగినా చెబుతారు. నేను చెప్పాల్సింది ఆ రోజు మధ్యాహ్నం సంగతి.

తిరిగి వచ్చేసరికి జనం వెళ్ళలేదు. షామియానా వేసేసి ఉంది. ఆ వేళే దుర్గేష్ కూతురికి ఇరవయ్యొకటో రోజు. ముసలావిడ ఒంట్లో బాగాలేదని బారసాల ఇంట్లో నలుగురితో కానిచ్చేద్దామనుకున్నారు. దుర్గేష్ భార్య అలేఖ్య పసిదాన్ని లోపల గదిలో ఉంచుకుని కూర్చుంది. వెంకటనరసమ్మ గారు పందిరి చూసింది, కుర్చీలు చూసింది, జనాన్ని చూసింది. "వచ్చినవాళ్ళని ఊరికే ఎందుకు పంపడం? ఉయ్యాల బయటికి తెండి" అంది. దండలు తెచ్చిన ముగ్గురూ వాటిని వీపుల వెనక దాచుకుని మెల్లగా జారుకున్నారు.

దుర్గేష్ పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాశాడు. హృద్య. ఇక పసిదాని చెవిలో ఇంటికి పెద్దావిడ ఆ పేరు పిలవాలి. పెద్దావిడ నోరు తెరిచింది. "రుద్... ఉద్..." మళ్ళీ ప్రయత్నించింది. కట్టుడు పళ్ళు ఏలూరు ఆసుపత్రిలో మరిచిపోయి వచ్చింది, 'హృ' అన్నది చిగుళ్ళతో పలికే అక్షరం కాదు. పక్కకి తిరిగి, "అబ్బాయిరాజు బాబూ, ఇటు రా. నా బదులు నువ్వు పిలువు" అంది.

కోడలు శేషారత్నం గారు గాభరాగా అత్తగారి దగ్గరికొచ్చి, "అత్తయ్యా, పసిగుడ్డు చెవిలో మొట్టమొదట... ఆయన గొంతా?" అంది, నెమ్మదిగానే. వినపడింది. అబ్బాయిరాజు గారు అప్పటికే రెండడుగులు వెనక్కి వేశారు. ఆవిడన్నదాంట్లో తప్పేముంది, తన ఇంట్లో పిల్లయినా తను అదే అనేవారు.

వెంకటనరసమ్మ గారు కోడలి మీద కోప్పడలేదు. "రత్నం, మీ మావయ్య పేరు నేనెప్పుడైనా అనగా విన్నావా?" అని అడిగింది.

"లేదత్తయ్యా."

"యాభై ఆరేళ్ళు కాపురం చేశాను. మొగుడి పేరు చెప్పకూడదన్నారు, చెప్పలేదు. ఆయన పోయిన రోజు కూడా పేరు పెట్టి పిలిచి ఏడవలేకపోయాను. లోపల కూర్చుంటే, గట్టు మీంచి ఈయన గొంతు వినపడింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం చెడకుండా, ఎంత గౌరవంగా పలికాడనుకున్నావు. పలికి ఆగాడు. మీ మావయ్యని ఒకసారి కళ్ళారా చూసుకోవడానికి నాకు వీలిచ్చినట్టు ఆగాడు. మళ్ళీ ఎప్పుడు తిరిగొస్తుందా అని ఆ ఆటో కోసం చెవులు పెట్టుకుని కూర్చున్నాను. ఆ వేళ నేను పలకలేని పేరు నా బదులు పలికాడు. ఇది కూడా ఈయనే పలకాలి."

శేషారత్నం గారు కొంగుతో కళ్ళొత్తుకుంది. తనే వెళ్ళి ఉయ్యాల ఆపి పట్టుకుంది. "రండన్నయ్యగారూ" అంది.

ఆయన ఉయ్యాల మీదికి వంగారు. మైకు లేదు, కాగితం లేదు. ఎంతమంది ఇళ్ళల్లో ఏడుపుల మధ్య నిలబడి వివరాలు రాసుకున్న మనిషి, ఎప్పుడూ తొణకని మనిషి, మాట పెగలక నిలబడిపోయారు. భవాని గారు ఫోను దించేసింది. ఎవరూ తొందరపెట్టలేదు. కొంచెంసేపటికి ఆయన ఇంకా కిందికి వంగి, ఎవరికీ వినపడనంత మెల్లగా, ఒక్క అక్షరం చెడకుండా మూడుసార్లు పిలిచారు.

"హృద్యా... హృద్యా... హృద్యా."

ఆ రోజు తెల్లారేదాకా ఆ ఊళ్ళో ఆయన నోట వచ్చిన ప్రతి పేరుకూ మనిషి వెళ్ళిపోయి ఉండేవాడు. ఈ పేరు గల మనిషి ఎక్కడికీ వెళ్ళలేదు. ఆయన చూపుడువేలు గట్టిగా పట్టుకుని ఉంది.